సనయ్య పిల్లి

గరాజ్‌లో చప్పుళ్ళు ఎలా ఉంటాయో మీలో చాలామందికి తెలుసు. కంప్రెసర్ మోత, రేకు మీద సుత్తి దెబ్బ, బాగుచేసిన హారన్ పలుకుతుందో లేదో అని ఎవరో పదేపదే నొక్కి చూసుకోవడం. 2019 ఏప్రిల్‌లో ఒక పొద్దున ఆ మోతలన్నిటి మధ్య, ఒక ల్యాండ్ క్రూజర్ బానెట్ లోపలినుంచి సన్నగా ఏడుపు వినిపించింది. మా దగ్గర పనిచేసే జగిత్యాల తమ్ముడు స్పానర్ కింద పెట్టి, నేను కూర్చునే స్టోర్ కిటికీ దగ్గరికొచ్చాడు.

"అన్నా, ఇంజన్ల ఏదో ఏడుస్తున్నది. బెల్టు చప్పుడైతే కాదు" అన్నాడు.

బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ పక్క సందులో పిడికెడంత పిల్లికూన. ఒళ్ళంతా నల్లటి గ్రీజు, ఆయిలు. అసలు రంగేమిటో తెలియలేదు. కళ్ళు మాత్రం ఉన్నాయని తెలుస్తోంది. దానికి గ్రీజు అనే పేరు పెట్టాం. పెట్టాం అనడం కూడా తప్పేమో, అప్పటికే అందరూ అలా పిలవడం మొదలుపెట్టారు.

మాది కోరుట్ల దగ్గర ఒక పల్లె. ఖతార్‌లో పదకొండేళ్ళు పనిచేశాను. అన్నేళ్ళూ ఒక్కచోటే, ఇండస్ట్రియల్ ఏరియాలో. కాగితాల మీద ఆ పేరుంటుంది గానీ అక్కడ బతికే మనుషులెవరూ అలా అనరు. అరబ్బీలో సినాయియ్యా. మలయాళీ, నేపాలీ, బెంగాలీ, తెలుగువాడు అందరి నోళ్ళలో నలిగి అది సనయ్య అయింది. మనకేమో అది ఎవరో పెద్దాయన పేరులా వినిపిస్తుంది. మా అమ్మ ఫోన్లో "ఆ సనయ్య మంచోడేనా బిడ్డా?" అని అడిగింది ఒకసారి. ఈ సనయ్య దోహా నగరానికి నైరుతిన, సల్వా రోడ్డు దిగువన ఉంటుంది. వీధులకు పేర్లుండవు, నంబర్లే. గరాజ్‌లు, గోదాములు, సిమెంటు దిమ్మెల ఫ్యాక్టరీలు, తుక్కు యార్డులు, వాటి మధ్యే లేబర్ క్యాంపులు. ఒక గదిలో ఆరుగురో ఎనిమిదిమందో, రెండంతస్తుల మంచాలు. ఎవరికైనా సొంతమంటూ ఉన్న చోటు ఆ మంచమే.

అలాంటి చోట ఇల్లులేని జంతువులకు ఇల్లు ఎలా దొరుకుతుందన్నదే ఈ పూట నేను చెప్పబోయేది.

మళ్ళీ గ్రీజు దగ్గరికొస్తాను. దాన్ని బయటికి తీశాక మేం రెండు పనులు చేశాం, ఒకటి మంచిది, ఒకటి తప్పు. మంచిపని జగిత్యాల తమ్ముడిది. గిన్నెలు తోమే సబ్బునీళ్ళు గోరువెచ్చగా చేసి దాన్ని కడిగాడు. చేతులకంటిన గ్రీజు పోగొట్టుకోవడానికి మేం వాడే పొడి ఇంకోటుంది, అది వాడనందుకు తర్వాత పశువుల డాక్టర్ మెచ్చుకున్నాడు. తప్పు నాది. పిల్లి అంటే పాలు అనే లెక్కతో, చాయ్‌లో పోసే డబ్బా పాలు నీళ్ళు కలిపి పోశాను. ఆత్రంగా తాగింది. సాయంత్రానికి విరేచనాలు పట్టుకున్నాయి. ఆవుపాలైనా డబ్బా పాలైనా పిల్లికూన కడుపుకు అరగవని, వాటికోసం వేరే పొడిపాలు దొరుకుతాయని, మరీ పసివైతే ప్రతి రెండు మూడు గంటలకూ పట్టాలని, పాలకంటే ముందు ఒంటికి వెచ్చదనం కావాలని నాకప్పుడు తెలియదు. మన కథల్లో పిల్లి పాలు తాగుతుంది, మనం నమ్మేశాం.

రాత్రి క్యాంపుకు తీసుకెళ్ళాలంటే గేటు దగ్గర ఒప్పుకోరు. అట్టపెట్టెలో పెట్టి స్టోర్‌లోనే ఉంచి, ఫేస్‌బుక్‌లో వెతికి, దొరికిన ప్రతి నంబరుకూ మెసేజ్ పెట్టాను. అరగంటలో ఒక ఫిలిప్పీన్స్ ఆమె ఫోన్ చేసింది. ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ అయ్యాక జంతువుల పని చేస్తుంది. ఆమె అడిగిన మొదటి ప్రశ్న నాకు చిత్రంగా అనిపించింది.

"పళ్ళు వచ్చాయా?"

వేలు పెట్టి చూసి చెప్పాను, సూదుల్లా ఉన్నాయని. అయితే నాలుగు వారాల పైమాటే, బతుకుతుంది అంది. తల్లి చుట్టుపక్కల ఉందేమో చూశారా అని అడిగింది. ఆ ల్యాండ్ క్రూజర్ మా దగ్గరికి రాకముందు ఎక్కడ ఆగి ఉందో కనుక్కోమంది. నిజమే, నీడకోసం బండి కిందికి చేరిన పిల్లులు అలాగే ఇంజన్‌లోకి పాకి, ఒక వీధిలో ఎక్కి ఇంకో వీధిలో తేలుతుంటాయి. తల్లి ఇంకెక్కడో పిల్లను వెతుక్కుంటూ ఉంటుంది. బండి ఓనరుకు ఫోన్ చేస్తే నవ్వి పెట్టేశాడు.

"సరే, షెల్టర్ అడ్రస్ పంపండి. పొద్దున్నే తెచ్చి దింపేస్తా" అన్నాను.

"వద్దు. షెల్టర్‌కు తేవద్దు" అంది ఆమె.

నాకు కోపమొచ్చింది. జంతువుల్ని కాపాడతామని బోర్డు పెట్టుకుని, తెస్తామంటే వద్దనడమేమిటి? ఆ కోపం తగ్గి సంగతి బోధపడటానికి కొన్ని నెలలు పట్టింది. షెల్టర్ అంటే మనం గోశాలలాంటి దాన్ని ఊహించుకుంటాం. తీసుకెళ్ళి అప్పజెప్తే చచ్చేదాకా అక్కడే ఉంటుంది, మన బాధ్యత తీరిపోతుంది అని. నడిపేవాళ్ళు అలా అనుకోరు. వాళ్ళ లెక్కలో అది బస్టాండులాంటిది. ఎక్కించి పంపడానికే గానీ కాపురం పెట్టడానికి కాదు. పంపేవి తగ్గి దింపేవి పెరిగాయంటే రోగాలు మొదలవుతాయి. పిల్లులకు పాన్‌ల్యూకోపీనియా అని ఒక వైరస్ జబ్బు ఉంది. కూనలకు సోకిందంటే బతకడం కష్టం. ఆ వైరస్ నేలమీదా, గిన్నెల్లోనూ నెలల తరబడి చావకుండా ఉంటుంది. టీకాలు పడని కూన ఒకటి దాన్ని మోసుకొచ్చిందంటే గదంతా ఖాళీ అయిపోవచ్చు. అందుకే కొత్తగా దొరికినదాన్ని ముందు ఎవరింట్లోనో, వేరే గదిలో, రెండు వారాలైనా ఉంచుతారు. ఆ ఇంటినే ఫాస్టర్ ఇల్లు అంటారు. మన భాషలో చెప్పాలంటే పురిటికి పుట్టింటికి పంపినట్టు. అక్కడే ఉండిపోవడానికి కాదు, కోలుకుని వెళ్ళడానికి.

ఖతార్‌లో ఈ పనిచేసే సంస్థలున్నాయి. ఖతార్ యానిమల్ వెల్ఫేర్ సొసైటీ ఉంది, పొడి అక్షరాలతో క్వాస్ అంటారు. పాస్ రెస్క్యూ ఖతార్ ఉంది. కుక్కల కోసమే డాగ్స్ ఇన్ దోహా అని ఇంకోటి. వీటికి ప్రాణం విరాళాలు, సెలవురోజున వచ్చి దొడ్లు కడిగే మనుషులు. శుక్రవారం పొద్దున్నే లేచి కుక్కల్ని నడిపించడానికి వెళ్ళేవాళ్ళలో బ్యాంకు ఉద్యోగి, బడి టీచరు, ఇంజనీరు భార్య, ఎవరైనా ఉండొచ్చు. అయితే షెల్టర్ గోడల మధ్య జరిగేది పనిలో సగమే. మిగతా సగం ఫ్లాట్లలో, బాత్‌రూముల్లో, బాల్కనీల్లో జరుగుతుంది. గ్రీజు కూడా మర్నాడు ఆ నర్సమ్మ బాత్‌రూములోకే వెళ్ళింది. మూడో వారం ఆమె మెసేజ్ పెట్టింది, గ్రీజు ఆడపిల్ల అని. గరాజ్ అంతా రెండు రోజులు అదే నవ్వు.

అక్కడ ఇన్ని జంతువులు రోడ్డు మీదికెలా వస్తాయో చెప్పాలి. కొన్ని వీధిలో పుట్టినవే. అరేబియన్ మౌ అని ఆ నేల పిల్లి ఒకటుంది. పొట్టి వెంట్రుకలు, పెద్ద చెవులు, ఎండకు తట్టుకునే ఒళ్ళు. 2008లో వరల్డ్ క్యాట్ ఫెడరేషన్ దాన్ని ఒక జాతిగా గుర్తించింది. దోహాలో చెత్తకుండీ పక్కన కూర్చునేది అదే పిల్లి. కుక్కల్లో సలూకీ పోలికలున్నవి చాలా కనిపిస్తాయి, సన్నటి నడుము, పొడుగు కాళ్ళు. సలూకీ వేటకుక్క, అక్కడివాళ్ళకు గౌరవం. మర్మీ అనే ఉత్సవంలో ఏటా వాటికి పరుగుపందేలు పెడతారు. ఆ పోలికలతోనే ఇంకోటి సనయ్యలో టైర్ల గుట్ట మీద పడుకుని ఉంటుంది.

వీధిలో పుట్టనివి కూడా ఉన్నాయి. మెడకు పట్టీ గుర్తుతో, మనిషి పిలిస్తే కూర్చోవడం తెలిసి, కారు తలుపు తెరుచుకుంటే ఎక్కబోయే కుక్కలు. మేమున్న వీధిలో ఒకసారి తెల్లటి పర్షియన్ పిల్లి పంజరంతో సహా ఒక గోదాము ముందు ప్రత్యక్షమైంది. పక్కన సగం వాడిన తిండి సంచి కూడా పెట్టి వెళ్ళారు పాపం, అంత ప్రేమ.

ఎవర్ని తిట్టాలి? గల్ఫ్‌లో బతికినవాళ్ళకు ఇది నేను విప్పి చెప్పక్కర్లేదు. అక్కడ మన ఉనికి ఉద్యోగానికి కట్టేసి ఉంటుంది. ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే ఇల్లు పోతుంది. ముప్పై ఏళ్ళున్నవాడైనా కాంట్రాక్టు మనిషే. మనిషి ఇల్లే అద్దెదైనప్పుడు, ఆ ఇంట్లో పెంచిన పిల్లి ఇల్లు ఇంకెంత గట్టిది? జూన్ వస్తే చాలు. బడులు మూస్తారు, కుటుంబాలు సొంత దేశాలకు వెళ్తాయి, కొన్ని తిరిగి రావు. సరిగ్గా అప్పుడే ఫాస్టర్ ఇళ్ళవాళ్ళు కూడా సెలవులకు వెళ్తారు. వదిలేసేవాళ్ళు ఎక్కువ, తీసుకునేవాళ్ళు తక్కువ, బయట నలభై దాటిన ఎండ. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఎండలో మనుషుల చేత పని చేయించకూడదని అక్కడ నిబంధన ఉంది. మనుషులకు అది ఉండాల్సిందే. కుక్కకు గడియారం లేదు కాబట్టి ఆ అయిదున్నర గంటలూ లారీ కింద పడుకుంటుంది. లారీ కదిలితే లేచి ఇంకో లారీ కిందికి పోతుంది.

అందుకని అక్కడ దత్తత ఇచ్చేటప్పుడు అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. మన దగ్గర అడిగితే ఇల్లు సొంతమా అద్దెనా, బాల్కనీకి వలలున్నాయా, పిల్లలున్నారా అని అడుగుతారు. అక్కడ వీటితోపాటు ఇంకోటి అడుగుతారు. మీ కాంట్రాక్టు ఎప్పటిదాకా? వెళ్ళిపోయే రోజు దీన్నేం చేస్తారు?

ఆ కాగితం నేనూ నింపాను. గ్రీజును నేనే తీసుకుంటానని. స్టోర్‌లో ఉంచుకుంటా, మా గరాజ్ వాళ్ళందరం చూసుకుంటాం అని రాశాను. నర్సమ్మ చదివి, ఫోన్ చేసి, చాలా మర్యాదగా కుదరదు అంది. స్టోర్ ఎవరిది, మేనేజర్ మారితే ఏమిటి, రెండేళ్ళకోసారి నువ్వు ఇండియా వెళ్ళినప్పుడు ఎవరు చూస్తారు, నువ్వు ఫైనల్‌గా వెళ్ళిపోయే రోజు ఏమిటి? నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. ఆ ఇంజన్‌లోంచి తీసింది మేము. పేరు పెట్టింది మేము. మాకివ్వరు. ఆ రాత్రి అన్నం సయించలేదంటే నమ్మండి. ఇక్కడ నాకు పిల్లినుంచుకునే అర్హత కూడా లేదా అనిపించింది.

ఇప్పుడు తలచుకుంటే ఆమె నన్ను కాదనలేదు, నా మంచాన్ని కాదంది. ఎనిమిది మంది గదిలో నాకున్న ఆ ఒక్క మంచాన్ని. అది నిజంగానే ఇల్లు కాదు. నా పెళ్ళాం పిల్లల్నే అక్కడికి తీసుకుపోలేకపోయాను కదా.

గ్రీజును దోహాలో ఉద్యోగం చేసే విజయవాడ దంపతులు తీసుకున్నారు. వెళ్ళిపోయే రోజు ఏం చేస్తారు అన్నచోట ఒక్కటే మాట రాశారట. "బెజవాడ తీసుకుపోతాం." రాసినట్టే చేశారు, మూడేళ్ళ తర్వాత. దానికొక దారి ఉంది, తెలియక చాలామంది వదిలేసి వస్తారు కాబట్టి చెప్తున్నాను. విదేశంలో కాపురం ముగించుకుని ఇండియా తిరిగి వచ్చేవాళ్ళు తమ పెంపుడు పిల్లినో కుక్కనో వెంట తెచ్చుకోవచ్చు, మనిషికి రెండింటి దాకా. ముందుగా మన ప్రభుత్వ జంతు క్వారంటైన్ కార్యాలయం నుంచి అనుమతి పత్రం కావాలి. టీకాల పుస్తకం, అక్కడి పశువైద్యుడిచ్చే ఆరోగ్య ధ్రువపత్రం, మెడ చర్మం కింద మైక్రోచిప్ ఉండాలి. చిప్ అంటే భయపడకండి, బియ్యపుగింజంత ఉంటుంది, అందులో 15 అంకెల నంబరు తప్ప ఏమీ ఉండదు. చెన్నై, ముంబై, ఢిల్లీ లాంటి విమానాశ్రయాల్లో ఆ కార్యాలయాలున్నాయి. గ్రీజు చెన్నైలో దిగి కారులో బెజవాడ చేరింది. ఖర్చు మాత్రం మాలాంటివాళ్ళ నెలల జీతం. ఆ మాట దాచను.

ఐరోపాకో అమెరికాకో పంపాలంటే కథ ఇంకా పొడుగు. 2022 ప్రపంచకప్ ఫుట్‌బాల్ గుర్తుందా? అప్పుడు ఇంగ్లండ్ జట్టు అల్ వక్రాలో బస చేసింది. రోజూ భోజనాల వేళకు ఒక వీధిపిల్లి వచ్చేది. కైల్ వాకర్, జాన్ స్టోన్స్ దానికి డేవ్ అని పేరు పెట్టి, తిండి పెట్టి, కప్పు గెలిస్తే ఇంటికి తీసుకుపోతాం అన్నారు. డిసెంబర్ 10న ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడిపోయారు. జట్టు ఇంటికి పోయింది. డేవ్‌ను మాత్రం వదిలేయలేదు. దాన్ని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి, టీకా వేసి, రక్తపరీక్ష చేయించి, నాలుగు నెలల నిరీక్షణలో పెట్టారు. అంత డబ్బూ పేరూ ఉన్నవాళ్ళ పిల్లి నాలుగు నెలలు ఎందుకు ఆగాలి? ఎందుకంటే రేబిస్ నిబంధన. టీకా వేసిన ముప్పై రోజులకు రక్తం తీసి, టీకా పట్టిందో లేదో ప్రయోగశాలలో చూసి, ఆ రక్తం తీసిన రోజునుంచి ఇంకో మూడు నెలలు ఆగితేనే బ్రిటన్ రానిస్తుంది. డేవ్‌కైనా సనయ్య కుక్కకైనా ఒకే లెక్క. తేడా ఏమిటంటే డేవ్ ఆ నాలుగు నెలలూ ఎక్కడ ఉండాలో అడగాల్సిన అవసరం రాలేదు. మామూలు కుక్కకు ఆ నాలుగు నెలలే అసలు సమస్య. ఫాస్టర్ ఇల్లు అక్కడ కావాలి.

అమెరికా 2021 జూలైలో, రేబిస్ ప్రమాదం ఎక్కువున్న దేశాల నుంచి కుక్కల్ని రానివ్వడం ఆపేసింది. ఆ జాబితాలో ఖతార్ ఉంది, మన ఇండియా కూడా ఉంది. తర్వాత నిబంధనలు మార్చి 2024 ఆగస్టు 1 నుంచి కొత్తవి తెచ్చారు. ఆరు నెలలు నిండని కుక్కను ఏ దేశం నుంచీ రానివ్వరు, చిప్ తప్పనిసరి. ఇలాంటి ఒక్కో కాగితం మారినప్పుడల్లా దోహాలో కొన్ని బోన్లు ఖాళీ కావు.

అన్నీ కుదిరాక చివరికి ఒక మనిషి కావాలి. ఎవరో ప్రయాణీకుడు ఫ్రాంక్‌ఫర్ట్‌కో ఇంకెక్కడికో పోతుంటాడు. అతని టికెట్ మీద ఈ కుక్కను సామానుగా రాయించవచ్చో లేదో అడుగుతారు. ఒప్పుకుంటే అతనికి ఖర్చేమీ లేదు. విమానాశ్రయంలో ఓ గంట ముందు రావాలి, దిగాక అవతల ఎదురుచూసేవాళ్ళకు బోను అప్పజెప్పాలి. వీళ్ళను ఫ్లైట్ వాలంటీర్లంటారు. ముక్కూమొహం తెలియని కుక్కను సముద్రం దాటించి, మళ్ళీ జన్మలో చూడరు. మా ఊళ్ళోవాళ్ళు దోహా నుంచి వచ్చేటప్పుడు ఒకరి డబ్బా ఇంకొకరు తెచ్చినట్టే. మనం ఖర్జూరాలు, టైగర్ బామ్ పంపిస్తే వాళ్ళు కుక్కను పంపిస్తారు.

ఇక పిల్లులు, విమానాలు చాలు. కాలే గురించి చెప్పాలి.

మా వీధి చివర ఒక యార్డు ఉండేది. దానికి నేపాలీ కాపలాదారు, అక్కడి మాటలో హారిస్. అతని దగ్గర ఒక నల్లకుక్క. నేపాలీలో కాలే అంటే నల్లోడు. అతని జీతం ఎంతో నాకు తెలుసు, అందుకే ఆ కుక్కకు అతను కొనే ఖుబ్బూస్ రొట్టెలు లెక్కపెట్టేవాణ్ణి. దీపావళి రోజుల్లో నేపాలీలకు తిహార్ పండుగ. అందులో ఒకరోజు పూర్తిగా కుక్కలది, కుకుర్ తిహార్ అంటారు. కుక్కకు బొట్టు పెట్టి, మెడలో దండ వేసి, తిండి పెట్టి దణ్ణం పెడతారు. సనయ్యలో బంతిపూలు ఎక్కడ దొరుకుతాయి? ప్లాస్టిక్ పూలదండ వేశాడు. కాలే ఆ రోజంతా దాన్ని మోసుకు తిరిగింది, సాయంత్రం కొరికేసింది.

2020 మార్చి 17న సనయ్యలో ఒకటో వీధి నుంచి ముప్పై రెండో వీధి వరకు మూసేశారు, కరోనా. రెండు వారాలన్నారు, మే 6న ఒకటి రెండు వీధులు తెరవడంతో మొదలైంది సడలింపు. మేం లోపలే ఉన్నాం. బయటి వాలంటీర్లు లోపలికి రాలేరు. గరాజ్‌లు మూతపడ్డాయి, హోటళ్ళు మూతపడ్డాయి, అంటే పిల్లులకూ కుక్కలకూ దొరికే ఎంగిలి ఆగిపోయింది. మాకే వండిన అన్నం డబ్బాల్లో వచ్చేది. ఆ రోజుల్లో నర్సమ్మ నాకు ఫోన్‌లోనే పని నేర్పింది. ఎక్కడ నీళ్ళు పెట్టాలి, ఎన్నిటికి తిండి వేయాలి, ఏ కుక్క కుంటుతోందో ఫొటో తీసి ఎలా రాసిపెట్టుకోవాలి. రోజూ ఒకే వేళకు, ఒకేచోట పెట్టమనేది. అలా అలవాటైన కుక్కను పట్టడం, ఆపరేషన్‌కు తీసుకెళ్ళడం తర్వాత సులువని. నేను అన్నం పెట్టడమే దయ అనుకున్నాను. ఆమెకు అది ఎర.

ఆ ఎరకు దొరికినవాళ్ళలో కాలే ఒకడు. మరుసటి ఏడాది ఆపరేషన్ చేయించి, గుర్తుగా చెవి కొస కాస్త కత్తిరించి, మళ్ళీ అదే యార్డు ముందు వదిలారు. ఇంత కష్టపడి మళ్ళీ వీధిలో వదలడమేమిటని మా మెకానిక్‌లు నవ్వారు. కుక్కకు రెండు నెలల గర్భం, ఈతకు అయిదారు పిల్లలు, ఆ పిల్లల్లో ఆడవి ఏడాది తిరక్కుండా మళ్ళీ తల్లులు. ఇల్లు దొరికేది పదింటిలో ఎన్నింటికి? మిగతావాటికి దొరకగలిగిందల్లా ఆపరేషన్, టీకా, తెలిసిన ఒక గేటు, ఆ గేటు దగ్గర ఒక మనిషి. అదీ ఇల్లే అని నేనంటే నర్సమ్మ ఒప్పుకోదు. ఇప్పటికీ మా ఇద్దరికీ ఈ ఒక్కదాని మీదే పేచీ.

ఆమె ఎందుకు ఒప్పుకోదో 2022 జూలైలో తెలిసింది. ఖతార్‌లో ఒక ఫ్యాక్టరీ ఆవరణలోకి కొందరు తుపాకులతో వచ్చి, కాపలావాళ్ళను బెదిరించి లోపలికి చొరబడి, 29 కుక్కల్ని కాల్చి చంపారని పాస్ రెస్క్యూ వాళ్ళు లోకానికి చెప్పారు. వాటిలో కుక్కపిల్లలు కూడా ఉన్నాయి. ఆ కుక్కలు ఆపరేషన్లయినవి, మనుషులు తిండి పెట్టి చూసుకుంటున్నవి. వాటిలో ఒకటి తమ పిల్లాడిని కరిచిందని వచ్చినవాళ్ళు అన్నారట. పేపర్లలో వచ్చింది, జనం కోపగించుకున్నారు. నేను మాత్రం ఆ కాపలావాళ్ళ గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను. తుపాకీ ఎదుట నిలబడి, మర్నాడు అదే గేటు దగ్గర డ్యూటీ చేసినవాళ్ళు.

ఆ కుక్కల తరఫున ఎవరు నిలదీస్తారు అనుకుంటే నాకు మన భారతం గుర్తొచ్చింది. నన్నయగారు తెలుగులో భారతం మొదలుపెట్టినప్పుడు తొలి కథల్లో ఒకటి ఒక కుక్కతల్లి ఫిర్యాదు. జనమేజయుడు యాగం చేస్తుంటే సరమ అనే ఆ కుక్కతల్లి కొడుకు అక్కడికి వచ్చి ఆడుకుంటాడు. రాజు తమ్ముళ్ళు కొడతారు. ఏడుస్తూ పోయి తల్లికి చెప్తాడు. ఆమె నేరుగా రాజు సభకే వచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీస్తుంది. మనకు ధర్మరాజు వెంట స్వర్గం దాకా నడిచిన కుక్కే గుర్తుంటుంది. అది విశ్వాసానికి మెచ్చుకోలు కాబట్టి వినడానికి బాగుంటుంది. సరమది నిలదీత, అందుకే మరిచిపోయామేమో.

కుక్కలంటే భయపడేవాళ్ళను నేను తప్పుపట్టను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లవాణ్ణి వీధికుక్కలు చంపిన వీడియో చూసి నేను క్యాంపులో నిద్రపోలేదు. ఆ పిల్లవాడి తండ్రి కాపలాదారు. అంటే మాలాంటివాడే, మా కాలే యజమానిలాంటివాడే. ఆ రోజు నర్సమ్మకు ఫోన్ చేసి అరిచాను, మీ పని చూడండి ఎక్కడికి దారితీస్తోందో అని. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అక్కడ ఆపరేషన్లు ఎన్ని చేశారు?" అంది. అప్పుడు నాకది రాతిగుండె మాటలా తోచింది. ఆలోచిస్తే ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సినవాళ్ళు ఆమె కాదు.

మన దగ్గర ఈ పని కొత్తదేమీ కాదు. అక్కినేని అమల 1992లో హైదరాబాద్‌లో బ్లూ క్రాస్ మొదలుపెట్టారు. విశాఖపట్నంలో 1996 నుంచి విశాఖ జంతు సంరక్షణ సంఘం ఉంది. 2025 ఆగస్టులో జీహెచ్ఎంసీ వాళ్ళే బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో వీధికుక్క పిల్లల దత్తత మేళా పెట్టారు. మునిసిపాలిటీ వాళ్ళు కుక్కను పట్టుకుపోవడమే చూసినవాణ్ణి, చేతిలో పెట్టడం విని సంతోషించాను. ఒకవైపు ఇది. ఇంకోవైపు, మంచుదేశపు హస్కీని వేలకు వేలు పోసి కొని, ఎండాకాలం ఏసీ బిల్లు చూసి బెంబేలెత్తిపోయేవాళ్ళు. మా పల్లెల్లో జొన్నరొట్టె ముక్కకు ఇల్లు కాచే కుక్క ఏం తక్కువ చేసింది? దాని జాతికి పేరు లేకపోవడం దాని తప్పా?

2023లో నేను ఫైనల్‌గా వచ్చేశాను. అంతకు రెండు నెలల ముందే నేపాలీ హారిస్ వెళ్ళిపోయాడు. కాలేను తీసుకుపోలేడు, ఎవరికీ ఇవ్వలేడు, అది పెద్దదైపోయింది, ఇల్లు దొరికే వయసు దాటింది. పోయేముందు రోజు దానికి స్నానం చేయించాడు. పెట్టె సర్దుకుంటున్నవాడు కుక్కకు స్నానమేమిటని ఎవరో అంటే, రేపు ఎవరొస్తారో, మురికిగా ఉంటే తరిమేస్తారు కదా అన్నాడు.

కొత్త కాపలాదారు ఎవరో నేను వచ్చేసేదాకా తెలియలేదు. ఇంటికొచ్చిన పదిహేను రోజులకు నాకు తెలియని నంబరు నుంచి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. సిరిసిల్ల గొంతు. జగిత్యాల తమ్ముడు నా నంబరిచ్చాడట.

"అన్నా, నమస్తే. గేటు కాడ ఓ నల్ల కుక్క ఉన్నది. నేనొచ్చిన రోజు నుంచి పోతలేదు. దీని పేరేందే?"

పేరు చెప్పాను. చెవి కోసి ఉంది చూడు, ఆపరేషన్ అయిన కుక్కే, భయపడకు అని చెప్పాను. రొట్టె పొద్దుగూకినంక వేయి, రోజూ ఒకటే వేళకు, గేటుకు ఎడమపక్క అన్నాను. నర్సమ్మ నంబరు పంపాను. పదిన్నర దాటితే ఆ గోడ నీడ అటు తిరుగుతుంది, నీళ్ళగిన్నె కూడా అటు జరపాలి, మర్చిపోకు అని ఇంకో మెసేజ్ పెట్టాను.